ల్యాప్‌టాప్ తరగతికా? పనికా? కొనే ముందు ఒక లెక్క



ఇంటర్ ఫలితాలు వచ్చి, కౌన్సెలింగ్ ముగిసి, విశ్వవిద్యాలయంలోనో ఇంజనీరింగ్ కళాశాలలోనో సీటు ఖాయం కాగానే మన వసతి గృహంలో వినిపించే మొదటి ప్రశ్న "అన్నా, ల్యాప్‌టాప్ కొనాలా?" అన్నదే. తరగతిలో అందరి దగ్గరా ఉంటుందట, లేకపోతే పాఠం అందదట, సార్లు అన్నీ మెయిల్‌లోనే పంపుతారట అని నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. ఇంటికి ఫోన్ చేసి అడిగితే అమ్మానాన్నలు కాదనరు. వాళ్లకు కంప్యూటర్ సంగతి తెలియదు గనుక మన మాటే నమ్ముతారు. ఎవరి కాళ్లో పట్టుకుని, వడ్డీకి తెచ్చి పంపుతారు. కనుక మనం అడిగే ముందే ఆలోచించుకోవాలి. చివరి సంవత్సరం చదువుతున్న మేము, మాలోని డిగ్రీ వాళ్లు, ఇంజనీరింగ్ వాళ్లు, పి.జి. వాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకుని, మా వెనుక వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందుగా ఒక చిన్న లెక్క. ధరలు మారుతుంటాయి గనుక లెక్క కోసం ఒక కొత్త ల్యాప్‌టాప్ 40,000 రూపాయలు అనుకుందాం. 2025-26 సంవత్సరానికి మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. 40,000ను 307తో భాగిస్తే 130 వస్తుంది. అంటే ఒక మనిషి 130 రోజులు మట్టి తవ్విన కూలి. ఉపాధి హామీ చట్టం 2005లో ఒక కుటుంబానికి ఏడాదికి ఇచ్చిన హామీయే 100 రోజులు. ఇంట్లో తిండికి, బట్టకు, మందులకు ఒక్క పైసా వాడకుండా దాచినా ఆ 100 రోజుల డబ్బు చాలదు.

అలాగని ల్యాప్‌టాప్ విలాస వస్తువు, మనకెందుకు అని మేము చెప్పడం లేదు. వడ్రంగికి ఉలి ఎలాగో కొన్ని చదువులకు అది అలాగే. మేము చెప్పదలచుకున్నది ఇదీ: తరగతిలో కూర్చుని పాఠం వినడానికి ల్యాప్‌టాప్ అవసరం లేదు. కొన్ని కోర్సులలో, కొన్ని సంవత్సరాలలో, తరగతి బయట చేయవలసిన పనికి అది అవసరం. ఆ పని మనకు ఎప్పుడు వస్తుందో తెలుసుకుని అప్పుడు కొనాలి.

తరగతి గదిలో ల్యాప్‌టాప్ ఏం చేస్తుంది?

దీనిపై విదేశాలలో చాలా పరిశోధనలు జరిగాయి. అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఉపన్యాసం విని చేతితో నోట్సు రాసుకున్నారు. మరికొందరు ఇంటర్నెట్ లేని ల్యాప్‌టాప్‌లో టైపు చేసుకున్నారు. టైపు చేసినవాళ్లు ఎక్కువ మాటలు ఎక్కించారు. కానీ వాటిలో ఎక్కువ భాగం వక్త మాటలే యథాతథంగా ఉన్నాయి. విషయాన్ని ఆలోచించి చెప్పవలసిన ప్రశ్నలు ఇచ్చినప్పుడు చేతితో రాసినవాళ్లే బాగా చేశారు. చేయి నెమ్మదిగా కదులుతుంది గనుక ఏది ముఖ్యమో అక్కడికక్కడే ఎంచుకుని, కుదించి రాయక తప్పదు, ఆ ఎంపికే సగం చదువు అని వారి వివరణ.

అయితే ఇదే ప్రయోగాన్ని తరువాత మరికొందరు తిరిగి చేసి చూశారు. 2021లో ప్రచురించిన ఒక పునఃప్రయోగంలో టైపు చేసినవాళ్లు మాటకు మాట ఎక్కించడం మళ్లీ కనిపించింది గాని, పరీక్ష ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కనుక "కలం పట్టినవాడికే చదువు వస్తుంది" అని అనలేము. కానీ ఈ రెండు ప్రయోగాలలో దేనిలోనూ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు పాఠం ఎక్కువ నేర్చుకున్నట్టు తేలలేదన్నది మనకు కావలసిన సంగతి. నోట్సు కోసమే అయితే 40,000 రూపాయల వస్తువు చేసే పనిని 60 రూపాయల నోటు పుస్తకం చేస్తుంది.

ఇంటర్నెట్ ఉన్న ల్యాప్‌టాప్ తరగతిలో తెరిస్తే మరో చిక్కు వస్తుంది. కెనడాలో 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో కొందరు విద్యార్థులకు పాఠం మధ్యలో వేరే చిన్న చిన్న పనులు ల్యాప్‌టాప్‌లో చేయమని ఇచ్చారు. వారికి పరీక్షలో నూటికి సగటున 55 వస్తే, పాఠం మాత్రమే విన్నవాళ్లకు 66 వచ్చాయి. అంతకన్నా ఆలోచించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కాగితంపై రాసుకుంటూ, ఎదుటి వరుసలో వేరే పనులు చేస్తున్న వారి తెరలు కనిపించేలా కూర్చున్న వాళ్లకు 56 వచ్చాయి. తెరలు కనిపించని చోట కూర్చున్న వాళ్లకు 73 వచ్చాయి. అంటే ఒకరి తెర పక్కవాడి చదువును కూడా చెడగొడుతుంది. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో అర్థశాస్త్రం తరగతులపై 2017లో వెలువడిన అధ్యయనంలో కూడా, కంప్యూటర్లు అనుమతించిన తరగతుల వాళ్లకు చివరి పరీక్షలో అనుమతించని తరగతుల వాళ్లకన్నా తక్కువ మార్కులు వచ్చాయి.

మనవరకు వస్తే ఇంకో రెండు కారణాలు ఉన్నాయి. మనలో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లం. సారు ఇంగ్లీషులో చెబుతుంటే మన నోట్సులో సగం ఇంగ్లీషు, సగం తెలుగు పడుతుంది. "ఎంట్రోపీ" అని రాసి పక్కనే మనకు అర్థమైన తెలుగు మాట రాసుకుంటాం. కింద ఒక బొమ్మ గీసి బాణం పెడతాం. కలంతో ఇది క్షణాల మీద పని. కీబోర్డు మీద భాష మార్చుకుంటూ, సూత్రాలు టైపు చేస్తూ, సర్క్యూట్లూ బెంజీన్ వలయాలూ గీస్తూ కూర్చుంటే ఈలోగా బోర్డు తుడిచేస్తారు. రెండవ కారణం పరీక్ష. మన సెమిస్టర్ పరీక్షలు మూడు గంటల పాటు చేతితోనే రాయాలి. గ్రూప్-1 మెయిన్స్ కూడా చేతిరాతే. ఏడాదంతా టైపు చేసి పరీక్ష రోజున కలం పడితే రెండవ గంటకే వేళ్లు నొప్పి పెడతాయి.

ఇక్కడ ఒక మినహాయింపు తప్పక చెప్పాలి. చూపు లేని, లేదా చేతితో రాయలేని మిత్రులకు తరగతిలోనే ల్యాప్‌టాప్ అవసరం. తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌.వి.డి.ఎ. అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వారికి తగిన సౌకర్యం కల్పించడం విద్యాసంస్థ బాధ్యత. "క్లాసులో ల్యాప్‌టాప్ తెరవకూడదు" అనే నియమం వారికి వర్తించకుండా చూడమని మనం కూడా అడగాలి. రెండు రాష్ట్రాల వికలాంగుల సంక్షేమ విభాగాలు అర్హులైన విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి మిత్రులు కొనే ముందు జిల్లా కార్యాలయంలో తప్పక విచారించాలి.

ఏ కోర్సుకు ఎంత అవసరం?

బి.ఎ., బి.ఎస్‌సి. (లైఫ్ సైన్సెస్, భౌతిక, రసాయన శాస్త్రాలు): మొదటి రెండేళ్లు అవసరం లేదు. పుస్తకం, లాబ్ రికార్డు, ఫోన్ చాలు. చివరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసేటప్పుడు కొన్ని వారాలు కంప్యూటర్ కావాలి. దానికి కళాశాల లాబ్ గాని, ఇద్దరు ముగ్గురు కలిసి వాడే కంప్యూటర్ గాని సరిపోతుంది.

బి.కాం.: ట్యాలీ, ఎక్సెల్ సాధన చేయాలి. లాబ్‌లో వారానికి దొరికే సమయం చాలదు అనిపిస్తే పాత కంప్యూటర్ అయినా చాలు. ట్యాలీలో నేర్చుకునేవారికోసం ఉచిత విధానం ఉంది. అందులో నెలలో 1, 2, 31 తేదీల లావాదేవీలు మాత్రమే నమోదవుతాయి. సాధనకు అది ఇబ్బంది కాదు.

బి.ఎస్‌సి. కంప్యూటర్స్, బి.సి.ఎ., ఎం.సి.ఎ., బి.టెక్.లో సి.ఎస్.ఇ., ఐ.టి.: వీరికి ల్యాప్‌టాప్ పని ముట్టు. ప్రోగ్రామింగ్ చూసి నేర్చుకునేది కాదు, రాసి, తప్పు చేసి, దిద్దుకుని నేర్చుకునేది. వారానికి మూడు గంటల లాబ్‌తో అది రాదు. మొదటి సెమిస్టర్‌లో సి భాషకు లాబ్, ఫోన్‌తో నెట్టుకురావచ్చు. రెండవ సంవత్సరం మొదలయ్యేసరికి సొంత యంత్రం గాని, రోజూ నమ్మకంగా దొరికే యంత్రం గాని ఉండాలి. కంపెనీలు పెట్టే కోడింగ్ పరీక్షలకు చాలావరకు కెమెరా ఉన్న కంప్యూటర్ అడుగుతారు. మూడవ సంవత్సరం దాకా వాయిదా వేస్తే అప్పటికప్పుడు చేయి తిరగదు. ఈ కోర్సుల వాళ్లు పొదుపు పేరుతో వెనుకాడవద్దని మా సలహా.

ఇ.సి.ఇ., ఇ.ఇ.ఇ.: మూడవ సంవత్సరం నుంచి సిమ్యులేషన్ పనులు వస్తాయి. అంతకు ముందు కళాశాల లాబ్ చాలు.

సివిల్, మెకానికల్: ఆటోక్యాడ్ వంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కు కాస్త బలమైన యంత్రం కావాలి. తక్కువ ధరకు వచ్చిందని బలహీనమైనది కొంటే అది పెట్టె అడుగున పడి ఉంటుంది. ఆటోక్యాడ్ తయారుచేసే సంస్థ విద్యార్థులకు ఉచిత లైసెన్సు ఇస్తుంది, ఏడాదికొకసారి పునరుద్ధరించుకోవాలి. దొంగ కాపీ వేయించుకుని వైరస్ తెచ్చుకోనక్కరలేదు.

ఎం.ఎ., లా, బి.ఎడ్.: చదవడం, రాయడం ప్రధానం. గ్రంథాలయమే వీరి కంప్యూటర్. డిసర్టేషన్, పాఠ్య ప్రణాళికలు టైపు చేసే సమయానికి మాత్రం ఏర్పాటు చూసుకోవాలి. పిహెచ్.డి.కి వెళ్లేవారికి సొంతంగా ఉండక తప్పదు.

ఈ జాబితా అందరికీ ఒకేలా వర్తించదు. సిలబస్‌లు మారుతుంటాయి. కనుక చేరగానే విభాగాధిపతి గారిని, అదే కోర్సులో ఉన్న సీనియర్లను రెండు ప్రశ్నలు అడగండి. "ఈ ఏడాది ఏ సబ్జెక్టుకు కంప్యూటర్ కావాలి? దానికి లాబ్ ఏ వేళల్లో తెరిచి ఉంటుంది?" ఈ రెండు జవాబులూ దొరకకుండా ఇంటికి ఫోన్ చేయకండి.

ఫోన్‌తో జరిగే పనులు, జరగని పనులు

2020లో కరోనా వల్ల కళాశాలలు మూతపడినప్పుడు మనలాంటి ఎందరో ఫోన్‌లోనే పాఠాలు విన్నారు. సిగ్నల్ కోసం మేడలెక్కినవాళ్లు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌ను అన్నదమ్ములు పంచుకున్నవాళ్లు ఉన్నారు. ఆ రోజుల ఇబ్బంది ఎవరూ మరువలేరు. కానీ ఫోన్‌తో ఏది సాధ్యమో కూడా అప్పుడే తెలిసింది.

ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని ఐ.ఐ.ఎస్‌సి. కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌.పి.టి.ఇ.ఎల్. పాఠాలు, కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం కోర్సులు, ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం - ఇవన్నీ ఫోన్‌లో తెరుచుకుంటాయి. సారు పంపిన పి.డి.ఎఫ్. చదవవచ్చు. స్కాలర్‌షిప్ దరఖాస్తు వివరాలు చూసుకోవచ్చు. సి, పైథాన్ చిన్న ప్రోగ్రాములు నడిపి చూడవచ్చు. ఓ.టి.జి. తీగతో మామూలు కీబోర్డు తగిలిస్తే రెండు మూడు పేజీల అసైన్‌మెంటు టైపు చేయవచ్చు. ఇందుకు కొన్ని వందల రూపాయలు చాలు.

జరగని పనులు కూడా ఉన్నాయి. 60 పేజీల ప్రాజెక్టు రిపోర్టును పట్టికలతో, బొమ్మలతో, పేజీ నంబర్లతో ఫోన్‌లో సరిగా తయారుచేయలేం. ఒకవైపు పాఠం, మరోవైపు ప్రోగ్రాము తెరిచి పెట్టుకుని పనిచేయడం ఆ చిన్న తెరపై కుదరదు. ఆటోక్యాడ్, ట్యాలీ, పెద్ద ప్రోగ్రామింగ్ సాధనాలు అందులో నడవవు. గేట్, నెట్, బ్యాంకు పరీక్షలు కంప్యూటర్ మీద జరుగుతాయి గనుక మౌస్ పట్టే అలవాటు కూడా ఉండాలి. అది మాత్రం నాలుగైదు రోజులు లాబ్‌లో కూర్చుంటే వచ్చేస్తుంది.

డబ్బు లెక్క

అవసరం ఉందని తేలిందనుకుందాం. ఇక డబ్బు ఎక్కడి నుంచి?

ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 తెస్తే నెలకు 800 వడ్డీ. ఏడాదికి 9,600. బి.టెక్. నాలుగేళ్లూ వడ్డీ మాత్రమే కడుతూ పోతే 38,400 అవుతుంది. అసలు 40,000 అలాగే ఉంటుంది. అంటే ఇంకొక ల్యాప్‌టాప్ ధర వడ్డీకే పోయింది. చేతిలో ఉన్నది మాత్రం నాలుగేళ్ల పాత యంత్రం. మొదటి ఏడాదిలో కొనకుండా అవసరమైన ఏడాదిలో కొంటే ఎంత మిగులుతుందో ఈ లెక్కే చెబుతుంది.

దుకాణంలో "వడ్డీ లేని వాయిదాలు" అంటారు. అప్పుడు మూడు సంగతులు అడగాలి. నగదు ఇస్తే ధర ఎంత? ప్రాసెసింగ్ ఫీజు ఎంత? ఒక వాయిదా తప్పితే జరిమానా ఎంత? నగదు ధర తక్కువగా ఉంటే ఆ తేడాయే వడ్డీ. స్కాలర్‌షిప్ వస్తుంది, కట్టేద్దాం అనుకుని వాయిదాలు పెట్టుకోవద్దు. స్కాలర్‌షిప్ ఆలస్యమైనా వాయిదా తేదీ ఆగదు.

చాలామందికి తెలియని దారి ఒకటి ఉంది. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో ఫీజుతో పాటు, కోర్సు పూర్తిచేయడానికి అవసరమైతే కంప్యూటర్ కొనుగోలు ఖర్చు కూడా చేర్చుకోవచ్చు. ఆ పథకం కింద 4 లక్షల వరకు మన వాటాగా డబ్బు పెట్టనక్కరలేదు. 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అవసరం లేదు. తిరిగి చెల్లించడం కోర్సు ముగిశాక మొదలవుతుంది. వడ్డీ ఉంటుంది, అయినా ఊళ్లో ఏడాదికి నూటికి 24 రూపాయలు కట్టడం కంటే ఇది చాలా నయం. విద్యారుణం తీసుకునేవాళ్లు దరఖాస్తులోనే కంప్యూటర్ ధర చూపించి, కోర్సుకు అవసరమని కళాశాల నుంచి పత్రం జతచేయాలి.

ఇక ఉచితం అంటూ వచ్చే సందేశాల సంగతి. తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం మొదలుపెట్టిన మాట నిజం. దేశం మొత్తానికి తక్కువ ధర టాబ్లెట్ అంటూ కేంద్రం అదే ఏడాది ఆకాశ్‌ను విడుదల చేసిన మాటా నిజమే. కానీ "ప్రధానమంత్రి ఉచిత ల్యాప్‌టాప్", "ఒక విద్యార్థి - ఒక ల్యాప్‌టాప్" అంటూ ఫోన్లకు వచ్చే సందేశాలు నకిలీవని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పి.ఐ.బి. పలుమార్లు ప్రకటించింది. వాటిలోని లింకు నొక్కి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓ.టి.పి. ఇస్తే ఉన్న స్కాలర్‌షిప్ డబ్బు కూడా పోతుంది. నిజంగా పథకం వస్తే వార్డెన్ గారికి, కళాశాలకు ఉత్తర్వు వస్తుంది. ముందు వారిని అడగండి.

కొనేటప్పుడు గమనించవలసినవి

1. ర్యామ్ 8 జీబీకి తగ్గకూడదు. ప్రోగ్రామింగ్, డ్రాయింగ్ వాళ్లకు 16 ఉంటే మేలు. తరువాత పెంచుకునే వీలు ఉందో లేదో కొనే ముందే అడగాలి.

2. ఎస్‌.ఎస్‌.డి. ఉండాలి. పాత రకం హార్డ్ డిస్కుతో యంత్రం మందకొడిగా నడుస్తుంది.

3. పాత ల్యాప్‌టాప్ కొంటే అది విండోస్ 11కు పనికొస్తుందో లేదో చూడాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే మోటుగా 8వ తరం, ఆపైవి పనికొస్తాయి. అంతకన్నా పాతదాన్ని ఉబుంటు వంటి ఉచిత లినక్స్‌తో నడుపుకోవచ్చు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి అది ఇంకా మంచిది.

4. కంపెనీలు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లను బాగుచేసి అమ్ముతుంటారు. సికింద్రాబాద్‌లోని సి.టి.సి. వంటి కంప్యూటర్ బజార్లకు ఒంటరిగా వెళ్లవద్దు. తెలిసిన సీనియర్‌ను వెంట తీసుకెళ్లండి. అక్కడే అరగంట నడిపి చూడాలి. ఛార్జర్ తీసి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, కీబోర్డులో అన్ని అక్షరాలు పడుతున్నాయో, తెరపై మచ్చలు ఉన్నాయో, కెమెరా, మైకు పనిచేస్తున్నాయో పరీక్షించాలి. సీరియల్ నంబరు రాసిన బిల్లు లేకుండా తీసుకోవద్దు. అది దొంగ సొత్తు అయితే చిక్కు మనకే.

5. రాతపనికి లిబ్రే ఆఫీస్ ఉచితం. కొన్ని కళాశాలలు విద్యార్థులకు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఖాతా ఇస్తాయి, కార్యాలయంలో అడగాలి. గూగుల్ కోలాబ్ వాడితే బరువైన లెక్కలు వేరే చోటి కంప్యూటర్లపై జరుగుతాయి గనుక మన యంత్రం మామూలుదైనా ఫరవాలేదు.

6. మన గదులలో ప్లగ్గులు తక్కువ, తాళాలు బలహీనం. సెలవులకు వెళ్లేటప్పుడు యంత్రాన్ని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసినా ధైర్యం చాలదు. ఎక్కడ భద్రపరచాలో వార్డెన్ గారితో ముందే మాట్లాడుకోవాలి. చేసిన పనిని పెన్‌డ్రైవ్‌లోనో మెయిల్‌లోనో ఒక కాపీ ఉంచుకోవాలి.

కలిసి వాడుకునే మార్గం

నలుగురు కలిసి ఒక కంప్యూటర్ కొంటే తలా 10,000 పడుతుంది. ఒకే కోర్సు వాళ్లకన్నా వేర్వేరు కోర్సుల వాళ్లు కలవడం మంచిది, ఎందుకంటే పని ఒత్తిడి అందరికీ ఒకే వారంలో రాదు. కానీ మొదటి రోజే కాగితంపై నాలుగు మాటలు రాసుకోవాలి. ఎవరికి ఏ వేళలు? చెడిపోతే ఖర్చు ఎలా? కోర్సు మధ్యలో ఒకరు వెళ్లిపోతే? చివర్లో ఎవరు ఉంచుకుంటారు, మిగతావారికి ఎంత ఇస్తారు? ఇవి రాసుకోకపోతే ల్యాప్‌టాప్‌తో పాటు స్నేహం కూడా పాడవుతుంది.

దీనికన్నా మంచిది చదువుకునే హాలులో అందరికీ కలిపి రెండు మూడు డెస్క్‌టాప్‌లు ఉండటం. డెస్క్‌టాప్ ల్యాప్‌టాప్ కన్నా చవక, బాగుచేయడం సులువు, ఎవరూ చంకన పెట్టుకుపోలేరు. ఒక రిజిస్టరు పెట్టి గంట చొప్పున పేర్లు రాసుకుంటే, ప్రాజెక్టు ఉన్నవారికి ముందు అవకాశం ఇస్తే, ఎందరి అవసరమో తీరుతుంది. ఇందుకోసం విద్యార్థులందరం సంతకాలు చేసి సంక్షేమ శాఖ అధికారులకు దరఖాస్తు ఇవ్వవచ్చు. కళాశాలలో కూడా లాబ్‌ను సాయంత్రం 5 గంటలకే మూయకుండా 8 దాకా తెరిచి ఉంచమని ప్రిన్సిపాల్ గారిని అడగవచ్చు. కంప్యూటర్ లేకుండా పూర్తికాని పనిని కళాశాల ఇస్తున్నప్పుడు, కంప్యూటర్ అందుబాటులో ఉంచమని అడగడం భిక్ష అడగడం కాదు. ఆ పని మనకు ఇచ్చింది కళాశాలే గనుక, దానికి కావలసిన సాధనం చూపించే బాధ్యత కూడా కళాశాలదే. ఇది మన ఒక్కొక్కరి ఇంటి సమస్యగా చూసినంతకాలం ఒక్కొక్క తండ్రీ విడివిడిగా అప్పు చేస్తూనే ఉంటాడు.

నిర్ణయానికి ఐదు ప్రశ్నలు

ఒక కాగితం తీసుకుని వీటికి జవాబులు రాసుకోండి.

ఒకటి, ఈ సెమిస్టర్‌లో కంప్యూటర్ లేకుండా చేయలేని పని ఏది? దాని పేరు రాయగలమా?
రెండు, ఆ పని వారానికి ఎన్ని గంటలు?
మూడు, అన్ని గంటలు లాబ్‌లోనో, గ్రంథాలయంలోనో, మిత్రుని దగ్గరో దొరుకుతాయా?
నాలుగు, ఇప్పుడు కాకుండా ఆరు నెలలు ఆగి కొంటే చదువుకు నష్టమా?
ఐదు, డబ్బు ఎక్కడిది? వడ్డీ ఎంత? ఎవరు, ఎప్పుడు తీరుస్తారు?

మొదటి ప్రశ్నకే జవాబు రాయలేకపోతే ఇప్పుడు కొనవద్దు. వారానికి పది గంటల పని ఉండి, బయట మూడు గంటలే దొరుకుతుంటే సందేహించకుండా కొనండి. అలాంటప్పుడు కొనకపోవడం పొదుపు కాదు, చదువుకు కోత.

ఇంటికి చెప్పేటప్పుడు "అందరి దగ్గరా ఉంది" అని చెప్పకండి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు మరొకరి ఇంటి ఖర్చు మన ఇంటికి కొలత కాకూడదు. "నాన్నా, రెండో సంవత్సరంలో ఈ పని ఉంది, వారానికి ఇన్ని గంటలు, ఇంత ఖర్చు, బ్యాంకులో ఇలా అడుగుదాం" అని చెప్పండి. చదువు రాని తల్లిదండ్రులకైనా ఈ లెక్క అర్థమవుతుంది. పొలానికి ఎద్దులు ఎప్పుడు కొనాలో, ఎప్పుడు పక్కవాళ్లవి బదులు తెచ్చుకోవాలో వారికి మనకన్నా బాగా తెలుసు.

తరగతిలో పక్కవాళ్లు ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు నోటు పుస్తకం తీయడానికి సిగ్గుపడి వెనుక బెంచీకి వెళ్లే మిత్రులు ఉన్నారు. వారికి ప్రత్యేకంగా చెబుతున్నాము. ముందు బెంచీలో కూర్చోండి. అక్కడ తెరలు అడ్డురావు, బోర్డు బాగా కనిపిస్తుంది, అడగదలచుకున్న ప్రశ్న సారుకు వినిపిస్తుంది. అవసరమైన రోజున కంప్యూటర్ కూడా మీ చేతికి రావాలి, దానికోసం మీ ఇంటిమీద మోయలేని భారం పడకూడదు అని కోరుకుంటూ, వచ్చే విద్యాసంవత్సరానికి ఈ వ్యాసం మీకు కొంతైనా తోడ్పడుతుందని ఆశిస్తూ ముగిస్తున్నాము.